మోనో తగ్గి మూడు నెలలైంది.. ఈ నీరసం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 20. బీటెక్ చదువుతున్నాను. మూడు నెలల క్రితం జ్వరం, గొంతునొప్పి వచ్చాయి. మెడలో బిళ్లలు కట్టాయి. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వాడితే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. తర్వాత పరీక్ష చేసి మోనోన్యూక్లియోసిస్ (మోనో) అన్నారు. జ్వరం పోయింది గానీ నీరసం పోలేదు. ఇంట్లో బద్ధకం అంటున్నారు. మొన్న ఈబీవీ (మోనో తెచ్చే ఎప్‌స్టీన్-బార్ వైరస్) ఐజీజీ పాజిటివ్ వచ్చింది. వైరస్ ఇంకా ఉందా? కబడ్డీ ఎప్పుడు ఆడొచ్చు?

జవాబు: మీది బద్ధకం కాదు. ఈ మాట మీ అమ్మానాన్నలకు కూడా చెబుతున్నాను. ఆస్ట్రేలియాలోని డబ్బో ప్రాంతంలో మోనో, క్యూ ఫీవర్ (పశువుల నుంచి సోకే ఒక బ్యాక్టీరియా జ్వరం), మన చికున్‌గున్యాకు దగ్గరి చుట్టమైన రాస్ రివర్ వైరస్ సోకినవారిని ఏడాది పాటు పరిశీలించారు. ఆరు నెలలకు కూడా 12 శాతం మందికి నీరసం, ఒళ్లునొప్పులు తగ్గలేదు. మొదట్లో జబ్బు ఎంత తీవ్రంగా వచ్చిందన్న దాన్నిబట్టే ఇలా జరిగింది తప్ప వాళ్ల మనస్తత్వాన్నిబట్టి కాదని 2006లో తేల్చారు.

ఐజీజీ అంటే వైరస్ సోకాక రక్తంలో మిగిలిపోయే యాంటీబాడీ. అది పాజిటివ్ వచ్చిందని టెన్షన్ వద్దు. ఒకసారి సోకితే ఈ వైరస్ తెల్ల రక్తకణాల్లో జీవితాంతం నిద్రాణంగా ఉండిపోతుంది. పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఐజీజీ పాజిటివే వస్తుంది. ఆ పరీక్ష మళ్లీ మళ్లీ చేయించి డబ్బు వృథా చేసుకోకండి. దానికి బదులు హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్, లివర్ పరీక్షలు ఒకసారి చూపించుకోండి. నీరసానికి వేరే కారణం ఉంటే అక్కడ దొరుకుతుంది. ఏ లోపమూ లేకుండా సెలైన్లు ఎక్కించుకుంటే ఒరిగేదేమీ లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. కాస్త ఓపిక వచ్చిన రోజున పెండింగ్ పనులన్నీ ఒక్కసారే మీద వేసుకుని, మర్నాడు మంచం దిగలేకపోయేవాళ్లను చాలామందిని చూశాను. ఓపిక ఇంకా మిగిలి ఉండగానే పని ఆపండి. గంట చదివితే కాసేపు పడుకోండి. శ్రమపడిన మర్నాడు నీరసం రెట్టింపవుతుంటే బలవంతంగా వ్యాయామం చేయొద్దు. ఆ లక్షణాన్ని డాక్టర్‌కు ప్రత్యేకంగా చెప్పండి. చాలామంది కొన్ని నెలల్లో కోలుకుంటారు.

మీకు వచ్చిన దద్దుర్లు మోనోలో అమాక్సిసిలిన్‌కు తరచూ కనిపించేవే. జీవితాంతం అలర్జీ అని ఇప్పుడే అనుకోనక్కర్లేదు. కానీ మళ్లీ వాడేముందు డాక్టర్‌కు తప్పక చెప్పండి.

మోనోలో ప్లీహం (ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం) వాస్తుంది, దెబ్బ తగిలితే చిట్లవచ్చు. అందుకే కబడ్డీకి ముందు ఆ వాపు తగ్గిందో లేదో డాక్టర్‌తో చూపించుకోండి. మూడు నెలలకు సాధారణంగా తగ్గిపోతుంది. అయినా నీరసం పోయాకే, నడకతో మొదలుపెట్టి మెల్లగా ఆటకు వెళ్లండి. ఎప్పుడైనా ఎడమవైపు పక్కటెముకల కింద గానీ ఎడమ భుజంలో గానీ హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బరువు తగ్గుతున్నా, జ్వరం తిరగబెట్టినా, బిళ్లలు పెరుగుతున్నా ఫిజీషియన్‌ను కలవండి.