తెల్లారగట్ల ఓటు లైను

చి. సౌ. అమ్మలుకి, పెద్ద మావయ్య ఆశీస్సులు.

ఈ 2024 మే 13వ తేదీ పోలింగు ఏడింటికి మొదలని ఆరున్నరకి బయల్దేరకు. మే నెలలో మన కోనసీమ ఉక్కకి అమ్మమ్మ తొమ్మిది దాటాక నిలబడలేదు. లంకలోంచి రేవు దాటాలి గనక, మొదటి పడవ ఎన్నింటికో ముందురోజు సాయంత్రమే అడిగిపెట్టుకో. అయిదున్నరకల్లా బడి దగ్గరుండండి.

ముందు ఇంటికిచ్చిన ఓటరు చీటీ చూసుకో. పార్టు నంబరు, వరస సంఖ్య అని రెండు అంకెలుంటాయి. ఒకే బడిలో రెండు మూడు కేంద్రాలు పెడతారు. తప్పు గది ముందు రెండు గంటలు నిలబడ్డా గుమ్మంలోంచి తిప్పి పంపేస్తారు, మళ్ళీ ఇంకో లైను చివరికి పోవాలి. చాలామంది విసిగి ఇంటికెళ్ళిపోయేది అక్కడే. తలుపు మీద కాగితం చదివాకే నిలబడు. ఆ చీటీ గుర్తింపు కింద చెల్లదు. ఓటరు కార్డు గానీ, ఆధార్, ఉపాధి హామీ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాసుపుస్తకం గానీ, ఏదైనా అసలుదే పట్టుకెళ్ళు. జెరాక్సు వద్దు. ఫోను ఇంట్లో వదిలెయ్.

తెల్లారకుండానే లోపల పార్టీల ఏజెంట్ల ఎదుట యంత్రం పరీక్షకి కనీసం 50 ఉత్తుత్తి ఓట్లు వేసి, లెక్క సరిచూసి, చెరిపేసి, సీళ్ళు వేస్తారు. లోక్‌సభకీ అసెంబ్లీకీ వేరువేరు యంత్రాలు గనక పని రెండింతలు. ఏడు దాటినా తలుపు తియ్యకపోతే కంగారుపడి లైను వదలకండి.

ఆడవాళ్ళ లైను వేరే ఉంటుంది. పెద్దావిడని ముందు పంపమని సిబ్బందిని అడుగు, మొహమాటం వద్దు. గుర్తులు కనపడక ఇబ్బందైతే అధికారికి చెప్పి నువ్వే తోడెళ్ళొచ్చు, నీకు 18 నిండాయిగా. ఆ రోజు ఇంకెవరికీ తోడెళ్ళకూడదు. అమ్మమ్మ చెప్పిన మీటే నొక్కు, అదేమిటో మీ అమ్మకి కూడా చెప్పకు.

నీలం మీట నొక్కాక పక్క పెట్టె అద్దంలో ఓటు ఎవరికి పడిందో చూపే చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. కుయ్‌మని శబ్దం వచ్చేదాకా కదలకు. రెండో యంత్రం మర్చిపోకు.

నీ పేరున ఎవరో ముందే వేసేశారంటే గొడవపడి వచ్చేయకు. టెండరు ఓటు కావాలని అడుగు, కాగితం బ్యాలెట్ ఇస్తారు.

సీసాలో మజ్జిగ, అమ్మమ్మకి చిన్న పీట పెట్టుకోండి. పడవ తప్పి పొద్దుపోయినా మానకండి. సాయంత్రం ఆరింటికి లైనులో ఉన్నవాళ్ళందరికీ చివరినుంచి చీటీలిచ్చి ఓటు వేయిస్తారు.

మీ పెద్ద మావయ్య