డెక్కు చెక్కకు పూత వేసే ముందు

తండియార్‌పేట, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు మీ అత్త ఫోన్లో పెద్దవి చేసుకుని చూశాను. నీ పడవ డెక్కు, అదే పైన నడిచే చెక్క నేల, ఊడదీశావు, కూర్చునే బల్లలు పీకేశావు, అడుగున దూలాలు నల్లబడి వేలితో గుచ్చితే దిగిపోతున్నాయన్నావు. మళ్లీ కడతాను, ఏ పూత మంచిది మామయ్యా అని అడిగావు. పూత సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ పాత పలకల్ని పారేయకుండా ఒడ్డున వరసగా పేర్చి, ఎక్కడెక్కడ చివికాయో చూడు. రోజూ కాళ్లు పడే నడిమధ్యలో చెక్క గట్టిగానే ఉంటుంది. చివికింది స్క్రూల చుట్టూ, పలకల అంచుల్లో, బల్ల కాళ్లు డెక్కు మీద కూర్చునే చోట. పైన రంగు ఇంకా మెరుస్తూనే ఉంటుంది. రంగు వేసినవాడు కంటికి కనిపించే మేరకే వేశాడు, నీళ్లు కనిపించని చోటినుంచి దూరాయి. నువ్వు ఎక్కువ కష్టపడాల్సింది అక్కడే.

ఇంకో మాట. పడవ చెక్కకు ఉప్పునీళ్ల కంటే వాననీళ్లు ఎక్కువ చేటు. కుళ్లు పుట్టించే బూజుకి ఉప్పు పడదు, మంచినీళ్లు హాయి. చెక్కలో తేమ ఇరవై శాతం లోపు ఉంటే ఆ బూజు బతకలేదు. అందుకే వేటకు తిరిగే పడవ కంటే, ఐప్పసి (అక్టోబరు-నవంబరు), కార్తీక వానల్లో ఒడ్డున కట్టేసి పెట్టిన పడవే ముందు చివుకుతుంది.

తేమ విషయంలో నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. 2016 డిసెంబర్ 12న వర్దా తుపాను కొట్టాక కాశిమేడు చేపల రేవులో పడవలు బాగుచేసే మాకు చేతినిండా పని. పడవ లేక పస్తులుంటున్నామని అందరూ తొందరపెట్టారు. తడి ఆరని పలకలకు జనవరిలోనే రెసిన్, అంటే ఆరితే గట్టిపడే జిగురులాంటి పూత, పట్టించి బిగించేశాను. పైకి అద్దంలా ఉంది. లోపలి తడి బయటికి పోయే దారి లేక, రెండో వానాకాలానికి డెక్కు పలక పెళుసైపోయింది. దాని మీద కాలు పెట్టిన కుర్రాడు మోకాలి దాకా దిగబడ్డాడు. కండ చీరుకుపోయి నెలరోజులు వేటకు పోలేదు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి ఎవరు తొందరపెట్టినా ఆరని చెక్కను మూయకు.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి మిషనేం అక్కర్లేదు. కోసిన పలకలోంచి చిన్న ముక్క తీసుకుని వంటింటి కాటాలో రోజూ తూకం వెయ్యి. తూకం తగ్గుతున్నన్నాళ్లూ తడి పోతున్నట్టే. వరసగా నాలుగైదు రోజులు ఒకే తూకం వస్తే అప్పుడు మొదలుపెట్టు. ఆరబెట్టేటప్పుడు నేరుగా ఎండలో పడేయకు, పగుళ్లిస్తుంది. నీడలో, కింద పట్టీలు పెట్టి, నాలుగువైపులా గాలి ఆడేలా పేర్చు. పాత దూలాల్లో గట్టిగా ఉన్నవి ఉంచుకుంటానంటే ముందు మంచినీళ్లతో బాగా కడుగు. ఉప్పు మిగిలితే అదే గాల్లోని తేమను లాగుతుంది. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుపాను వరదకు ఎన్నూరు కాలువలోకి నూనె కొట్టుకొచ్చినప్పుడు నీ పడవ అక్కడే ఉంటే, ఉప్పు కాగితం (రుద్దే గరుకు కాగితం) పట్టేముందు థిన్నర్ గుడ్డతో తుడువు, గుడ్డ మారుస్తూ తుడువు. జిడ్డు మీదే రుద్దితే అది చెక్కలోకి ఇంకుతుంది. ఆ తర్వాత ఏ పూతా పట్టదు.

కొత్త ప్లైవుడ్‌కి వాల్‌టాక్స్ రోడ్డుకి వెళ్తానన్నావు, వెళ్లు. ఐఎస్ 710 ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై, అంటే పడవలకు వాడే ప్లైవుడ్, అడుగు. ఐఎస్ 303 తక్కువకి వస్తుందంటారు, అది ఇంటి అల్మారాలకు. ముద్ర చూసి ఊరుకోకుండా పలక నిలబెట్టి అంచు చూడు. పొరల మధ్య సందులుంటే నీళ్లకు అవి కాలువలు. మెరైన్ ప్లై కదా, ఇంకా పూతెందుకు అంటారు కొందరు. పొరల్ని అంటించిన జిగురు నీళ్లకు విడిపోదు, నిజమే. చెక్క మాత్రం చెక్కే, తాగుతుంది, చివుకుతుంది.

ఇక రెసిన్. ఫైబర్ పడవల యార్డుల్లో డ్రమ్ములకొద్దీ ఉండేది పాలిస్టర్ రెసిన్. చవక, చేతికి అందుబాటులో ఉంటుంది, అదే పూసేద్దాం అనిపిస్తుంది. చెక్కకు అది సరిగా అంటదు. ఒకటి రెండేళ్లకు పొక్కులా లేచి, కింద నీళ్లు నిలుస్తాయి. ఖర్చైనా ఎపాక్సీ రెసినే తీసుకో. నీ పడవ పాత ఫైబర్ అడుగును గరుకు చేస్తే దానికీ గట్టిగా అంటుకుంటుంది. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో. పాలిస్టర్‌కి హార్డెనర్, అంటే గట్టిపడటానికి కలిపే మందు, కాస్త ఎక్కువైతే తొందరగా గట్టిపడుతుంది. ఎపాక్సీ అలా కాదు. డబ్బా మీద రాసిన పాళ్లకు ఎక్కువైనా తక్కువైనా ఎప్పటికీ మెత్తగా, జిగటగా ఉండిపోతుంది. కంటి అంచనా వద్దు, కాటా పెట్టుకో. చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. ఒకసారి ఒంటికి పడకపోతే జన్మంతా పడదు.

మన చెన్నై ఎండలో కలిపిన ఎపాక్సీ కప్పులోనే వేడెక్కి పొగలొస్తుంది. కొంచెం కొంచెం కలిపి, వెంటనే వెడల్పాటి ట్రేలో పరిచెయ్యి. పని పొద్దున మొదలుపెట్టకు. ఎండెక్కేకొద్దీ చెక్కలోని గాలి ఉబ్బి బయటికొచ్చి పూత నిండా బుడగలు చేస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక, వేడి తగ్గుముఖం పట్టినప్పుడు వేస్తే చెక్కే పూతను లోపలికి లాక్కుంటుంది. రాత్రి మంచు పడే లోపు పైన కప్పు ఉండేలా చూసుకో. ఫిబ్రవరి, మార్చి ఈ పనికి మంచి కాలం. మే నెల కత్తిరి ఎండల్లో వద్దు, ఐప్పసి ముసురులో అసలే వద్దు.

మొదటి కోటు అంచులకు వెయ్యి. అంచు తాగినంత తాగనివ్వు, ఆరినట్టు కనిపిస్తే మళ్లీ వెయ్యి, మూడు నాలుగు సార్లైనా సరే. తర్వాత అడుగు వైపు, ఆ తర్వాతే పైవైపు. మూడు పూతలు, కిందా పైనా సమానంగా. ముందు కోటు ఇంకా చేతికి అంటుతున్నప్పుడే రెండోది వేస్తే మధ్యలో రుద్దే పని ఉండదు. పూర్తిగా గట్టిపడితే పైన మైనంలాంటి జిడ్డు తేలవచ్చు, దాన్ని నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడిగి ఆరాకే ఉప్పు కాగితం పట్టు.

స్క్రూ రంధ్రాల దగ్గర ఓపిక పట్టు. కావాల్సిన దానికంటే లావు బిట్టుతో రంధ్రం వేసి, లోపలంతా ఎపాక్సీతో తడిపి, ఆ ఎపాక్సీలోనే చిక్కబరిచే పొడి కలిపి లప్పంలా చేసి నింపెయ్యి. గట్టిపడ్డాక దాని మధ్యలో సన్న రంధ్రం వేసి స్క్రూ బిగించు. అప్పుడు స్క్రూ చుట్టూ చెక్క ఉండదు, ఎపాక్సీ ఉంటుంది. నూటికి పైగా రంధ్రాలుంటాయి, విసుగొస్తుంది. అయినా ఒక్కటీ వదలకు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్లో 316 రకం తీసుకో, 304 రకం ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది.

ఎపాక్సీని అలాగే వదిలేస్తే ఎండకు పసుపెక్కి పొడిరాలుతుంది. పైన రెండు డబ్బాలు కలిపి వేసే పాలియురేథేన్ రంగు, లేత రంగు, వెయ్యి. ముదురు రంగు డెక్కు మీద మధ్యాహ్నం కాలు పెట్టలేవు. చివరి కోటు తడిగా ఉన్నప్పుడు, కడిగి ఆరబెట్టి జల్లించిన ఏటి ఇసుక చల్లితే కాలు జారదు. సముద్రపు ఇసుక వాడకు, ఉప్పు.

బల్లలకు టేకు పెడతానన్నావు, సంతోషం. ఒకే వెడల్పాటి పలక కాకుండా వేలి మందం సందులతో పట్టీలు పెట్టు, నీళ్లు నిలవవు. టేకుకి వార్నిష్ వద్దంటాను. ఎండలో ఉండే పడవకు ఏటేటా రుద్ది వెయ్యాలి, వెయ్యకపోతే పొరలు లేచి అసహ్యంగా తయారవుతుంది. టేకు ఒట్టిగా వదిలేస్తే బూడిదరంగుకి తిరుగుతుంది కానీ అంత తొందరగా చివకదు. నూనె పట్టించాలని ముచ్చటైతే అవిసె నూనె పట్టించు. ఆ తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకు, వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విడివిడిగా పరిచి ఆరబెట్టు. టేకును అంటించాల్సి వస్తే ముందు అసిటోన్‌తో తుడిచి వెంటనే అంటించు, దానిలో సహజంగానే జిడ్డుంటుంది.

డెక్కు కింద గాలి ఆడనివ్వు. ప్రతి దూలానికీ అడుగున నీళ్లు జారిపోయే కన్నాలు వెయ్యి, ఆ కన్నాల లోపలా పూత పట్టించు. పాత పడవల్లో జీడి నూనె, గుగ్గిలం పూసినవాళ్లు ఏటా ఒడ్డుకు లాగి మళ్లీ పూసేవాళ్లు. నువ్వూ ఏడాదికోసారి డెక్కు మీద చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లు. టకటకమంటే సరే, డుబుడుబుమంటే అక్కడ విప్పి చూడు.

పలకలు కోసి నీడలో పేర్చి పెట్టు, రంధ్రాలు మాత్రం నేనొచ్చేదాకా వేయకు. వచ్చే ఆదివారం పొద్దున్నే గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి ఎన్నూరులో దిగుతాను. ఆ ముక్క తూకాలు రాసిన కాగితం తీసుకుని స్టేషన్‌కి రా.

మీ మామయ్య