ఫోర్ట్ కొచ్చి వెళ్తున్న మా అమ్మలుకి

అమ్మలూ,

సంక్రాంతి సెలవులకి పిల్లలిద్దరినీ తీసుకుని కేరళలోని ఫోర్ట్ కొచ్చి వెళ్తున్నామని నిన్న ఫోన్లో అన్నావు. పొయ్యి మీద పాలున్నాయని నేను తొందరగా పెట్టేశాను. రాత్రంతా అదే ఆలోచన, అందుకే ఇలా రాస్తున్నాను. పెద్దవాడికి ఆరేళ్లు, చిన్నదానికి మూడు. సరిగ్గా ఆ వయసు పిల్లలతోనే మేమూ అక్కడ తిరిగాం.

పూటకి ఒక్కటి కంటే ఎక్కువ చూడొద్దు. నేను చెప్పాలనుకున్నదంతా దీని చుట్టూనే ఉంది.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు చర్చి, ప్యాలెస్, మసాలా కొట్లు, యూదుల గుడి సినగాగ్ అన్నీ ఒకే రోజు పెట్టుకున్నాం. మధ్యాహ్నం రెండింటికి, ప్యాలెస్, సినగాగ్ ఉండే మట్టాంచేరి పేట వీధిలో మనవరాలు నేల మీద కూర్చుండిపోయింది. ఎండకీ ఉక్కకీ మొహం ఎర్రగా కందిపోయింది. ఎత్తుకుని సినగాగ్ దాకా నడిస్తే తలుపులు మూసి ఉన్నాయి. ఆ రోజు శనివారం, యూదులకి విశ్రాంతి రోజు. ఆ పిల్ల ఏడుపు నాకింకా గుర్తుంది. అందుకే శుక్ర, శనివారాల్లో మట్టాంచేరి పెట్టుకోకు. ప్యాలెస్‌కి కూడా శుక్రవారం సెలవే.

బస మాత్రం ఫోర్ట్ కొచ్చిలోనే చూసుకోండి, ఎర్నాకుళంలో వద్దు. పాత ఇళ్లలో హోమ్‌స్టేలు బోలెడు. పొద్దున్నే తిరిగి, పదకొండున్నరకల్లా గదికి వచ్చేసి, పిల్లలకి అన్నం పెట్టి పడుకోబెట్టాలి. మళ్లీ నాలుగింటికి బయల్దేరచ్చు. అవతలి ఒడ్డున ఎర్నాకుళంలో దిగితే మధ్యాహ్నం నిద్ర పడవలోనే పోతుంది. గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఎర్నాకుళం టౌన్‌లో దిగుతారు. ఆ రోజుకి ఏమీ పెట్టుకోవద్దు, పడవ ప్రయాణం చాలు. హైకోర్టు జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి 2024 నుంచి వాటర్ మెట్రో నడుస్తోంది. బ్యాటరీతో నడిచే ఏసీ పడవ. ప్రభుత్వం వాళ్ల మామూలు పడవలూ ఉన్నాయి. రెండిట్లో నాకు మామూలు పడవే ఇష్టం, గాలి మొహానికి తగులుతుంది. చిన్నదాన్ని మాత్రం ఒళ్లోంచి దించకు.

ఇంకో మాట, బయల్దేరే ముందే పెద్దవాడికి చెప్పు, అక్కడ కోట కనపడదని. గోల్కొండ చూసిన పిల్లాడు కదా, ఫోర్ట్ అనగానే బురుజులూ ఫిరంగులూ ఊహించుకుంటాడు. పోర్చుగీసువాళ్లు 1503లో కట్టడం మొదలుపెట్టారు, 1663లో డచ్చివాళ్లు పట్టుకున్నారు, 1795లో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. ఆ తర్వాత వాళ్లే చాలా మటుకు పడగొట్టేశారు. ఇప్పుడు మిగిలింది కొద్దిగా గోడ. "కోట ఏది అమ్మమ్మా?" అని మా మనవడు రెండు రోజులు అడిగాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపించింది.

చీనా వలల దగ్గరికి మాత్రం పొద్దున్నే వెళ్లండి. సాయంత్రం జనం ఎక్కువ, పిల్లలకి నడుముల మధ్యలోంచి ఏమీ కనపడదు. పొద్దున ఏడింటికి వెళ్తే నిదానంగా చూడచ్చు. పెద్ద పెద్ద దుంగలు, వాటి చివర నీళ్ల మీదకి వేలాడే వల, వెనక వైపు తాళ్లకి కట్టిన రాళ్లు. ఒక్కొక్క వల మీద నలుగురైదుగురు పనిచేస్తారు. వల దించాలంటే ఒక మనిషి ఆ దుంగ మీద ముందుకి నడుచుకుంటూ వెళ్తాడు, ఆ బరువుకే అది నీళ్లలోకి వంగుతుంది. కొన్ని నిమిషాలు ఆగి అందరూ తాళ్లు పట్టుకుని లాగుతారు. వల లేస్తుంటే వెనక రాళ్లు ఒకటొకటిగా టక్, టక్ మని చెక్కల మీద కూర్చుంటాయి. మావాడు ఆ రాళ్లు లెక్కపెడుతూ గంట నిలబడ్డాడు. చేపలు పడ్డవి గుప్పెడే, అయినా మళ్లీ మళ్లీ చూద్దామనేవాడు. కదలనని మొండికేస్తే తొందరపెట్టకు. ఆ పూటకి అదే చూడటం. పిల్లల్ని పిలిచి తాడు లాగనిస్తారు, తర్వాత ఎంతో కొంత చేతిలో పెట్టడం మర్యాద. అయితే గట్టు అంచున అన్ని చోట్లా కంచె ఉండదు, నీళ్లు లోతు, చేతులు వదలకండి. అక్కడి బీచిలో స్నానాలు కూడా వద్దు. ఇసుక తక్కువ, రాళ్లు ఎక్కువ.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి దగ్గర్లోనే. 1524లో కొచ్చిలో చనిపోయిన వాస్కోడగామాని అక్కడే పాతిపెట్టారు, కొన్నేళ్లకి పోర్చుగల్ తీసుకెళ్లారు. సమాధి రాయి ఉంది. పిల్లలకి మాత్రం పైకి చూపించు, గుడ్డ పంకాలు వేలాడుతుంటాయి. కరెంటు లేని రోజుల్లో బయట కూర్చున్న మనిషి తాడు లాగితే లోపల గాలి వచ్చేది. మీ పెద్దవాడు తాడు ఎటు పోయిందో వెతుక్కుంటాడు. పక్కనే పరేడ్ గ్రౌండ్ ఉంది, ఓ అరగంట పరిగెత్తనివ్వు.

మట్టాంచేరికి ఆటోలో వెళ్లండి. నడిస్తే పిల్లలు డీలా పడిపోతారు. పిల్లల బండి తీసుకెళ్లకు, ఫుట్‌పాత్‌లు ఎగుడుదిగుడు. ప్యాలెస్‌లో గోడల నిండా రామాయణం ఉంది, దశరథుడి యాగం దగ్గర్నుంచీ. మన పిల్లలకి కథ తెలుసు కాబట్టి వాళ్లనే చెప్పమను. సినగాగ్ 1568 నాటిది. లోపల నేలంతా చైనా నుంచి వచ్చిన నీలం పలకలు, ఒకదానిలా ఇంకొకటి ఉండదంటారు. చెప్పులు విప్పి వెళ్తాం కాబట్టి చల్లగా ఉంటుంది కాళ్లకి. రెండు ఒకేలా ఉన్నవి వెతకమని చెప్పావంటే చిన్నది కూడా కదలదు. బయటికొచ్చాక మసాలా కొట్టు దగ్గర ఆగి మిరియాలు అరచేతిలో పోసి వాసన చూపించు. ఓడలన్నీ వచ్చింది మన చారులో వేసుకునే ఈ గింజ కోసమేనని చెప్పు. అంతకంటే చరిత్ర ఆ వయసుకి అక్కర్లేదు.

తిండి గురించి టెన్షన్ పడకు. అప్పం, అరటిపండు పిల్లలు ఇష్టంగా తింటారు. అన్నం మాత్రం లావు ఎర్రబియ్యం, మావాళ్లు ముట్టలేదు. తెల్లన్నం కావాలని అడిగితే చాలా చోట్ల ఇస్తారు. హోటల్లో గులాబి రంగు వేడినీళ్లు పోస్తే కంగారుపడకు, పతిముఖం చెక్క వేసి మరిగించిన నీళ్లు, మంచివే. గదిలోంచి కదిలే ముందు ఇద్దరినీ బాత్రూముకి పంపించు, దారిలో వెతుక్కోవడం కష్టం.

టికెట్లు ఏ రోజుకి తీసుకున్నారో చెప్పు. కందిపొడి కొట్టి, నెయ్యి చిన్న స్టీలు డబ్బాలో పోసి, మీ బాబాయి చేత ముందు రోజు పంపిస్తాను.

మీ పెద్దమ్మ