పొద్దునకల్లా ఖాళీ అయ్యే బ్యాటరీ

ముసురు మొదలైతే ఈ శీర్షికకు బ్యాటరీ ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి ఆరింటికి జవాబులిస్తున్నాం. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటిచ్చాం. మిగతావాళ్లు కూడా అది చదివితే సగం పని తప్పుతుంది. చేతిలో ఒక డిజిటల్ మల్టీమీటరు ఉండాలి. ఇంటి వైరింగ్ పనికి వాడే మామూలుది చాలు, కాకపోతే 10 ఆంపియర్ల సాకెట్ ఉన్నది చూసి తీసుకోండి.

ప్రశ్న: మాది పెట్రోలు కారండి, కొని అయిదేళ్లయింది. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ కొత్తది వేయించి ఎనిమిది నెలలే. రోజూ తీస్తే బాగానే ఉంటుంది. మూడు రోజులు షెడ్డులో ఉంచితే నాలుగో రోజు సెల్ఫ్ కొట్టగానే టకటకమని ఆగిపోతుంది. మెకానిక్ బ్యాటరీ పోయిందంటాడు. బ్యాటరీ షాపాయన చెక్ చేసి ఇది బాగానే ఉంది, తేడా కారులోనే అంటాడు. ఇద్దరి మధ్యా మేం తిరుగుతున్నాం. ఎవరి మాట నమ్మాలండీ?
— అమలాపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: రొయ్యల చెరువులో నీరు తగ్గుతోందంటే మీ వైపు రైతు ముందు చూసేవి మూడు. మోటారు సరిగా పోస్తోందా, గట్టు కారుతోందా, తూము ఎవరైనా తెరిచి వదిలేశారా? ఇక్కడ మోటారంటే డైనమో, గట్టంటే బ్యాటరీ, తూమంటే కారు ఆపాక కూడా కరెంటు తాగే ఏదో ఒక సామాను. రోజూ తీస్తే బాగుంటోందంటే డైనమో పోస్తున్నట్టే. గట్టా, తూమా అన్నది ఒక్క రాత్రిలో తేలిపోతుంది.

ముందు బ్యాటరీని నిండా ఛార్జి చేయించండి. ఆంపియర్ అవర్ అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క. 35లో పదో వంతు, అంటే 3.5 ఆంపియర్ల దగ్గర 10 నుంచి 12 గంటలు పెట్టాలి. గంటలో చేసిస్తామనే చోట ఇవ్వొద్దు. ప్లేట్లు వేడెక్కి పాడవుతాయి, వోల్టేజీ మాత్రం పైపైన బ్రహ్మాండంగా కనిపిస్తుంది. తెచ్చి బిగించాక హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆర్పితే ఆ పైపై ఛార్జి దిగిపోతుంది. ఇప్పుడు నెగటివ్ కేబుల్ ఊడదీసి, వోల్టేజీ కొలిచి రాసుకోండి. 12.6 దాకా ఉండాలి. కేబుల్ తగిలించకుండా రాత్రంతా వదిలేసి పొద్దున్నే మళ్లీ కొలవండి. అంకె కదలకపోతే బ్యాటరీ మంచిదే, షాపాయన మాట నిజం. ఏ తీగా తగలకుండానే 12.3కి జారితే లోపమంతా బ్యాటరీలోనే ఉంది. 10.5 దగ్గర ఆగిందంటే ఆరు సెల్లుల్లో ఒకటి చచ్చిపోయిందని అర్థం. వారంటీ కార్డు పట్టుకుని వెళ్లండి. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు ఛార్జి అని గుర్తుపెట్టుకుంటే ఎప్పుడైనా పనికొస్తుంది.

మా అనుమానం మాత్రం తూము మీదే. దాన్ని ఇలా పట్టుకోవాలి. అన్నీ ఆర్పేసి బానెట్ ఎత్తండి. డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు అంచులో ఉన్న గొళ్లేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసుకున్నట్టు చేయండి. తలుపు వేశారనుకుని కారు నిద్రకు పడుతుంది. (తర్వాత తలుపు వేసేముందు హ్యాండిల్ లాగి గొళ్లేన్ని వదిలించాలి. మరిచి విసిరి వేస్తే అది విరిగి ఇంకో ఖర్చు.) తాళం, రిమోటు ఇంట్లో పెట్టండి. మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, డయల్‌ను 10 ఆంపియర్ల డీసీ మీద పెట్టి, ఊడదీసిన నెగటివ్ కేబుల్‌కు ఒక కొన, బ్యాటరీ నెగటివ్ పోస్టుకు ఒక కొన తగిలించండి. మొదట 2, 3 ఆంపియర్లు చూపిస్తే కంగారు పడొద్దు, కారు ఇంకా మేలుకునే ఉంది. అరగంట నుంచి 40 నిమిషాలు ఆగండి. ఈలోగా తాళం తిప్పినా, సెల్ఫ్ కొట్టినా మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

చివరికి అంకె 0.02 నుంచి 0.05 మధ్య నిలిస్తే అది గడియారం, సెంట్రల్ లాక్, ఇంజిన్ కంప్యూటర్ తాగే న్యాయమైన వాటా. 0.35 దగ్గర నిలిచిందనుకోండి, రోజుకు 8.4 ఆంపియర్ అవర్లు పోతాయి. మూడు రోజులకు 25. మిగిలిన 10తో సెల్ఫ్ తిరగదు. మీరు రాసిన నాలుగో రోజు లెక్క సరిగ్గా ఇక్కడికే వస్తోంది.

తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి, మీటరు చూసి, మళ్లీ పెట్టండి. ఏది పీకితే అంకె ఒక్కసారిగా పడిపోతుందో దొంగ ఆ దారిలో ఉన్నాడు. ముందుగా చూడాల్సింది కంపెనీ సామాను కాదు, మీరు బయట బిగించుకున్నది. స్టీరియోకు రెండు తీగలుంటాయి: పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండాల్సింది, ఎర్రది తాళం తిప్పితేనే రావాల్సింది. యాక్సెసరీస్ షాపుల్లో తొందరలో రెండూ కలిపి చుట్టేస్తే సెట్టు రాత్రంతా మేలుకునే ఉంటుంది. డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్ తర్వాతి అనుమానితులు. డిక్కీ బల్బు ఆరుతోందో లేదో తెలియకపోతే ఫోన్లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూయండి. 5 వాట్ల బల్బే అయినా రోజుకు 10 ఆంపియర్ అవర్లు తినేస్తుంది. ఏ ఫ్యూజు పీకినా అంకె తగ్గకపోతే డైనమోలో డయోడ్ లీకవుతోందేమో చూడాలి: రాత్రంతా ఆగి ఉన్న కారులో పొద్దున డైనమో వంటి మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగులుతుంది. అది ఆటో ఎలక్ట్రీషియన్ పని.

పనయ్యాక ఎర్ర తీగను మళ్లీ వోల్టు సాకెట్‌కు మార్చండి. ఆంపియర్ సాకెట్‌లోనే ఉంచి రేపు బ్యాటరీ వోల్టేజీ కొలవబోతే నేరుగా షార్టు కొట్టించినట్టే.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడే కారు బయటికి తీస్తాం. పాలేరు ప్రతి ఆదివారం పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాడు. అయినా రెండేళ్లలో రెండు బ్యాటరీలు పోయాయండి.
— పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ పది నిమిషాల వల్ల మేలు లేదమ్మా. అందులో సెల్ఫ్‌కు పోయింది తిరిగొచ్చేసరికే కొంత సమయం పడుతుంది. వారమంతా కారిపోయింది అలాగే మిగిలిపోతుంది. పైగా బ్యాటరీ చివరి అయిదో వంతు నిండటానికి గంటలు కావాలి, తొందరపెట్టినా తీసుకోదు. ఇంజిన్ సరిగా వేడెక్కదు కాబట్టి ఆయిల్లోను, సైలెన్సర్లోను చెమ్మ చేరుతుంది.

ఏ లోపమూ లేని కారు కూడా 0.05 ఆంపియర్ల లెక్కన రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు తాగుతుంది. 35 బ్యాటరీ పదిహేను రోజుల్లో సగానికొస్తుంది. సగం ఛార్జితో వారాల తరబడి ఉన్న ప్లేట్ల మీద తెల్లటి సల్ఫేటు గట్టిపడి, మళ్లీ కరగనని మొండికేస్తుంది. మీ రెండు బ్యాటరీలూ పోయింది ఇలాగే అయ్యుండాలి. రేకుల షెడ్డయితే ఏప్రిల్, మే నెలల్లో ఇంకా వేగం: వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను ఖాళీ అయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుంది.

పాలేరుకు ఒక 10 నంబరు పానా ఇచ్చి, నెగటివ్ కేబుల్ ఒక్కటి ఊడదీసి, కొనకు గుడ్డ చుట్టి పక్కన పెట్టమనండి. పాజిటివ్ ముట్టుకోవద్దు, పానా బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి. డిక్కీ కరెంటుతో తెరుచుకునే రకమైతే అందులో ఏమీ వదలొద్దు. రిమోటు పనిచేయదు, డ్రైవర్ తలుపు తాళంతోనే వేయాలి. రెండు నెలలకోసారి 12.4 కంటే తగ్గిందేమో చూసి, తగ్గితే ఛార్జి పెట్టించండి. నమ్మకమైన డ్రైవరు దొరికితే నెలకోసారి భీమవరం వెళ్లి వచ్చేంత దూరం తిప్పించడం అన్నిటికంటే మంచిది, టైర్లకూ మంచిదే. ఇంట్లో ప్లగ్ పాయింటు ఉంటే, నిండాక తనంతట తానే 13.5 వోల్టుల దగ్గరకు తగ్గే ఆటోమేటిక్ ఛార్జర్ తగిలించి ఉంచినా సరిపోతుంది. ఛార్జి అవుతున్నంతసేపూ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో అగరొత్తులూ బీడీలూ వద్దని గట్టిగా చెప్పండి.

కోతలయ్యాక చేలో ఎలుకలు షెడ్డుల్లోకి వస్తాయి. కేబుల్ తగిలించేముందు బానెట్ కింద తీగలు కొరికి ఉన్నాయేమో ఒకసారి టార్చి వేసి చూడాలి.

ప్రశ్న: మాది సముద్రం ఒడ్డు. నెలకోసారి టెర్మినళ్లకు తెల్లగా, పచ్చగా చిలుము పడుతోంది. వేడినీళ్లు పోసి కడుగుతున్నాం. బ్యాటరీలో నీళ్లు తగ్గితే ఆర్వో నీళ్లు పోస్తున్నాం. తప్పా?
— అంతర్వేది నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆర్వో నీళ్లు తప్పే. తాగడానికి బాగున్నా అందులో లవణాలు మిగిలే ఉంటాయి. క్లోరైడ్ ప్లేట్ల చట్రాన్ని తింటుంది, ఇనుము ఉంటే బ్యాటరీ ఊరికే కూర్చుని కూడా ఖాళీ అవుతుంది. ఏసీ గొట్టం నీళ్లు, వాననీళ్లు కూడా వద్దు. డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనండి. ప్లేట్ల పైన 10 మిల్లీమీటర్లు మునిగేలా పోస్తే చాలు. ఛార్జి పెట్టకముందు గుర్తు దాకా పోస్తే ఛార్జింగులో పొంగి ఆసిడ్ పైకి వస్తుంది, మీ చిలుముకు అదీ ఒక కారణం కావచ్చు. కాబట్టి ఛార్జయ్యాకే గుర్తు దాకా నింపండి. ఆసిడ్ ఎప్పుడూ కలపొద్దు.

చిలుమును వేడినీళ్లు కడుగుతాయి కానీ ఆసిడ్‌ను విరవవు. నెగటివ్ ముందు, పాజిటివ్ తర్వాత ఊడదీయండి. గ్లాసు నీళ్లలో పెద్ద చెంచా వంటసోడా కలిపి, మూతలు బిగించి ఉన్నాయని చూసుకుని, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగేదాకా రుద్దాలి. ఒక్క చుక్క సోడా నీరు సెల్లులోకి దిగినా బ్యాటరీకి చెరుపే. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, పోస్టునూ క్లాంపు లోపలినీ ఎమ్రీ పేపర్‌తో తళతళలాడేలా గీకండి. బిగించాక క్లాంపును చేత్తో తిప్పితే కదలకూడదు. వేజలీన్ బిగించాక పైన పూయాలి, ముందు కాదు.

ఉప్పుగాలి ఉన్న చోట బ్యాటరీ పైమూత మీద తడి దుమ్ము కూడా ఒక తూమే. మీటరు నల్ల కొన నెగటివ్ పోస్టుకు పెట్టి, ఎర్ర కొనతో పైమూత ప్లాస్టిక్ మీద అక్కడక్కడ తాకించండి. అర వోల్టు చూపించినా ఆ పొరలోంచి కరెంటు కారుతున్నట్టే. పొడిగుడ్డ కాదు, సోడా నీళ్ల గుడ్డతో తుడవాలి.

ఆరు సెల్లుల్లోనూ నీళ్లు సమానంగా, తరచుగా తగ్గిపోతుంటే ఇంజిన్ నడుస్తున్నప్పుడు కొలవండి. 15 వోల్టులు దాటితే డైనమో రెగ్యులేటర్ పాడైంది, బ్యాటరీని ఉడకబెడుతోంది. ఒక్క సెల్లులోనే తగ్గితే ఆ సెల్లుకే రోగం.

ప్రశ్న: మొన్న వరదకు వాకిట్లో నీళ్లు నిలిచి కారు చక్రాల సగం దాకా మునిగింది. ఇప్పుడు సెల్ఫ్ కొడితే ‘టక్’ మని ఒక్క చప్పుడు. బ్యాటరీ 12.6 చూపిస్తోంది. ఇంకో బ్యాటరీ పెట్టినా అంతే.
— పి.గన్నవరం దగ్గర లంక గ్రామం నుంచి ఒక పాఠకుడు

జవాబు: అయితే బ్యాటరీని వదిలేయండి. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండోది ఇంజిన్ మీద గీకి శుభ్రం చేసిన లోహానికి పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు ఉండాలి. 1, 2 వోల్టులు చూపిస్తే ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్తు పట్టీ బురదనీటికి తుప్పు పట్టింది. బోల్టు విప్పి రెండు వైపులా గీకి బిగిస్తే చాలు, పట్టీ పోగులు తెగి ఉంటే మార్చాలి. అక్కడ అంకె బాగుంటే సెల్ఫ్ మోటారు విప్పించండి, లోపలికి ఒండ్రు పోయి ఉంటుంది.

ప్రశ్న: రాత్రి వేళ హెడ్‌లైట్లు మందగిస్తున్నాయి, డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్యాటరీ గుర్తు మినుకుమంటోంది. నడుస్తుండగా టెర్మినల్ పీకి చూస్తే డైనమో సంగతి తెలుస్తుందంటున్నారు.
— తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: పీకొద్దు. పాత అంబాసిడర్ రోజుల కిటుకు అది. ఇప్పటి కార్లలో బ్యాటరీ అడ్డు లేకపోతే వోల్టేజీ ఒక్కసారి ఎగసి ఇంజిన్ కంప్యూటర్‌నే కాల్చేస్తుంది. లైట్లు, ఏసీ వేసి ఇంజిన్ కాస్త పెంచి కొలవండి, 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 దాటకపోతే ముందు బెల్టు వదులయిందేమో, అద్దంలా నునుపెక్కిందేమో చూడండి. బెల్టు బాగుంటే డైనమో బ్రష్షులు లేదా రెగ్యులేటర్. అది బాగయ్యేదాకా కొత్త బ్యాటరీ కొనడం దండగ.

ప్రశ్న: చెరువుల దగ్గర కారు ఆగిపోతే పక్కనున్న చేపల లారీ నుంచి గానీ ట్రాక్టరు నుంచి గానీ కరెంటు తీసుకోవచ్చా? మాది ఎర్ర సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి స్టార్టయ్యే కారు.
— ఆకివీడు నుంచి ఒక పాఠకుడు

జవాబు: లారీ వద్దు. రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. ట్రాక్టరు సాధారణంగా 12 వోల్టులే, బ్యాటరీ మీద అంకె చూసి తగిలించండి. ఎర్ర తీగ ముందు మీ పాజిటివ్‌కు, తర్వాత ట్రాక్టరు పాజిటివ్‌కు. నల్ల తీగ ట్రాక్టరు నెగటివ్‌కు, చివరి కొన మీ ఇంజిన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా. అయిదు నిమిషాలాగి, పది సెకన్లు మించకుండా సెల్ఫ్ కొట్టండి. తీసేటప్పుడు వరస తిరగేయాలి. మీ కారు నెగటివ్ పోస్టు మీద చిన్న సెన్సర్ పెట్టె ఉంటుంది, క్లిప్పు దాని మీద పెట్టొద్దు. బ్యాటరీ మార్చాల్సి వస్తే పాత దాని మీద ఈఎఫ్‌బీ అని ఉందో ఏజీఎం అని ఉందో (రెండూ ఇలాంటి కార్లకు వేసే బ్యాటరీ రకాలే) చూసి అదే రకం వేయించండి. మామూలుది చవకే గానీ రోజుకు ఇన్నిసార్లు ఆగి లేచే పనికి త్వరగా అలసిపోతుంది. ఇంకో మాట: సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగడం ఈమధ్య మానేసిందా? ఏసీ గట్టిగా వేసినప్పుడు మానేయడం మామూలే. అది లేకుండానే మానేస్తే బ్యాటరీ నీరసించిందని కారే ముందుగా చెబుతున్నట్టు.