పచ్చడి వాసన రాని పిప్పరమెంటు ఐస్‌క్రీమ్

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు డాలస్‌లో ఉంటారు. డిసెంబరు సెలవులకి వచ్చినప్పుడు మనవరాలు పిప్పరమెంటు ఐస్‌క్రీమ్ కావాలంది. అక్కడ క్రిస్మస్ రోజుల్లో గులాబీ రంగులో దొరుకుతుందట. రెండు కట్టల పుదీనా మిక్సీలో వేసి, వడకట్టి, పాలూ పంచదారా కలిపి ఫ్రీజర్‌లో పెట్టాను. ఒక్క చెంచా తిని "అమ్మమ్మా, చట్నీలా ఉంది" అని గిన్నె పక్కన పెట్టేసింది. పొరపాటు ఎక్కడ జరిగింది? వేసవిలో మళ్ళీ వస్తున్నారు.
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, తేడా అంతా ఆకులోనే ఉంది. చిన్నప్పుడు బడి పక్క కొట్లో ఏ బిళ్ళ కొనుక్కున్నా మనం పిప్పరమెంటు అనే అన్నాం. నిమ్మతొనలు కూడా పిప్పరమెంట్లే, రంగు గోళీలు కూడా పిప్పరమెంట్లే. నిజానికి ఆ పేరు ఒక మొక్కది. మనం పచ్చడికీ బిర్యానీకీ వాడే పుదీనాకి, నీటి అంచుల్లో పెరిగే ఇంకో రకం పుదీనాకి కలిసి పుట్టిన సంకరజాతి మొక్క అది. గింజలు కట్టదు, పిలకలు నాటుకుంటూ పోవాల్సిందే. మన పుదీనా వాసనకి కారణం కార్వోన్ అనే పదార్థం, పిప్పరమెంటులో ఉండేది మెంథాల్. నాలుక మీద చల్లగా జివ్వుమనిపించేది ఈ మెంథాలే. మన పుదీనాలో అది పెద్దగా ఉండదు, అందుకే ఎన్ని కట్టలు రుబ్బినా ఆకు పసరు తప్ప ఆ చల్లదనం రాదు. పైగా ఆ వాసన తగలగానే మన ఇళ్ళలో పెరిగిన ఎవరికైనా, అమెరికాలో పుట్టిన పిల్లకైనా, ఇడ్లీ పక్కన పచ్చడే గుర్తొస్తుంది కదా.

కాబట్టి ఈసారి పుదీనా కొనకండి. బేకరీ సామాన్లు అమ్మే కొట్లో పిప్పరమెంట్ ఎసెన్స్ చిన్న సీసా తెచ్చుకోండి. ఒక లీటరు ఫుల్ క్రీమ్ పాలని అడుగంటకుండా కలుపుతూ 600 మిల్లీలీటర్లు అయ్యేదాకా మరిగించండి. అమెరికా వంటల్లో చిక్కదనానికి గుడ్డు పచ్చసొన వేస్తారు, మనకి కార్న్‌ఫ్లోర్ చాలు. ఒకటిన్నర పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్‌ని చల్లటి పాలల్లో ఉండలు లేకుండా కలిపి పోసి, ఇంకో రెండు నిమిషాలు ఉడకనివ్వాలి, లేదంటే పచ్చిపిండి వాసన మిగిలిపోతుంది. 120 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు వేసి దించి పూర్తిగా చల్లారనివ్వండి. అప్పుడు 200 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్, పావు టీస్పూన్ ఎసెన్స్ కలిపి రుచి చూడండి. ఎసెన్స్ ఘాటు ఒక్కో సీసాకి ఒక్కోలా ఉంటుంది, అందుకే చుక్క చుక్కగా పెంచుకోవాలి. తీపి మాత్రం ఇప్పుడు కాస్త ఎక్కువ అనిపించాలి, ఎందుకంటే గడ్డకట్టాక నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది.

ఎసెన్స్ వేరు, పిప్పరమెంటు నూనె వేరు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. తినడానికి పనికొచ్చేదని రాసి ఉన్న నూనె అయినా మొత్తానికి ఒకటి రెండు చుక్కలు మించకూడదు. నేను మొదటిసారి చేసినప్పుడు సీసా వంచితే నూనె చుక్కలుగా కాకుండా ధారగా పడింది. లీటరు పాలు, అంతసేపు పొయ్యి దగ్గర నిలబడి మరిగించిన పాలు, ఎవరూ నోట్లో పెట్టుకోలేకపోయారు. ఇప్పుడు ముందు చెంచాలో వేసి చూసుకున్నాకే పాలల్లో కలుపుతాను.

ఇక మీ మనవరాలు చెప్పిన గులాబీ రంగు, ఎరుపు తెలుపు చారల బిళ్ళల వల్ల వస్తుంది. చేతికర్రలా వంగి ఉండే ఆ క్యాండీలు డిసెంబరులో ఇక్కడి పెద్ద బేకరీల్లో కనిపిస్తాయి గానీ ఎండాకాలంలో వెతుక్కోవాలి. మధ్యలో చిల్లు ఉండే తెల్ల బిళ్ళలు మాత్రం వేయకండి, అవి పొడిని అదిమి చేసినవి, ఐస్‌క్రీమ్‌లో సున్నంలా తగులుతాయి. దానికంటే ఇంట్లోనే చేసుకోవచ్చు, అరిసెలకి పాకం పట్టిన చేతులకి ఇదేం కష్టం కాదు. 200 గ్రాముల పంచదార, 100 మిల్లీలీటర్ల నీళ్ళు, అర చెంచా నిమ్మరసం పొయ్యి మీద పెట్టి, పంచదార కరిగాక ఇక గరిట పెట్టకుండా వదిలేయండి, కలిపితే మళ్ళీ పంచదారలా పలుకు కడుతుంది. తీగపాకం దాటుతుంది, ఉండపాకం దాటుతుంది, వేరుశనగ అచ్చుకి పట్టే పాకం కూడా దాటనివ్వండి. బుడగలు చిన్నవై, దగ్గరపడి, మెల్లగా పేలుతుంటాయి. చల్లటి నీళ్ళలో ఒక చుక్క వేసి తీసి విరిస్తే సాగకుండా పుటుక్కున విరగాలి. థర్మామీటర్ ఉంటే 150 డిగ్రీలు. వెంటనే స్టవ్ కట్టేసి మూడు నాలుగు చుక్కల ఎసెన్స్ వేయండి, ఆవిరి ఒక్కసారిగా కొడుతుంది కాబట్టి మొహం దూరంగా పెట్టుకోండి. నెయ్యి రాసిన స్టీలు పళ్ళెంలో సగం తెల్లగానే పోసి, మిగతా సగంలో ఎర్ర రంగు చుక్క కలిపి పక్కనే పోస్తే సరి. ఆరాక మందపాటి కవర్లో వేసి అప్పడాల కర్రతో కొట్టండి. ఈ కొట్టే పని పిల్లలకి అప్పగిస్తే ఆ సంబరమే వేరు, కానీ వేడి పాకం దగ్గరికి మాత్రం రానివ్వకండి.

పాల మిశ్రమాన్ని ఫ్రీజర్‌లో పెడితే మూడు గంటలకి అంచుల్లో గట్టిపడి మధ్యలో జారుగా ఉంటుంది. అప్పుడు తీసి మిక్సీలో ఒక్కసారి తిప్పి మళ్ళీ పెట్టండి, రెండు గంటల తర్వాత ఇంకోసారి. ఐసు పలుకులు పెద్దవి కాకుండా ఉండేది ఈ తిప్పడం వల్లే. రెండోసారి తిప్పాక గుప్పెడు బిళ్ళ ముక్కలు గరిటతో కలిపి, పైన ఒక ప్లాస్టిక్ షీటు అంటించి మూత పెట్టి రాత్రంతా ఉంచేయండి. సీతాఫలం చేసినా, మామిడిపండు చేసినా పద్ధతి ఇదే.

ప్రశ్న: ఫ్రెష్ క్రీమ్‌ని అరగంట బీట్ చేసినా పొంగలేదు. తర్వాత కొట్లో అడిగితే విప్పింగ్ క్రీమ్ ఇచ్చారు. అది బాగా పొంగింది కానీ తిన్నాక నోరంతా జిడ్డు.
- హైదరాబాద్

జవాబు: మన దగ్గర డబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో మామూలుగా 25 శాతం దాకా వెన్న ఉంటుంది, అది గట్టిగా నిలబడేంత పొంగదు. పొంగాలంటే కనీసం 30 శాతమైనా ఉండాలి, క్రీమూ గిన్నే కూడా చల్లగా ఉండాలి. మీరు రెండోసారి తెచ్చింది పాలది కాకపోయి ఉండొచ్చు. డబ్బా వెనక చదవండి, వెజిటబుల్ ఫ్యాట్, పామ్ కెర్నల్ అని ఉంటే అది కేకుల మీద పువ్వులు వేయడానికి. గంటల తరబడి కరక్కుండా నిలబడటం కేకు మీద మంచిదే, నాలుక మీద మాత్రం పూతలా పట్టేస్తుంది. ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టి అమ్మాలంటే మన దేశంలో కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలన్న నియమం ఉంది. నూనె కొవ్వుతో చేసినదాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అనే రాయాలి. డబ్బు పెట్టి, కష్టపడి ఇంట్లో చేసుకుంటూ నూనె తినడం ఎందుకండి?

పాల విప్పింగ్ క్రీమ్ దొరికితే పని చాలా సులువు. అర లీటరు క్రీమ్ మెత్తగా పొంగేదాకా కొట్టి, 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, అర టీస్పూన్ ఎసెన్స్ కలిపి ఫ్రీజర్‌లో పెట్టేయడమే, మధ్యలో మిక్సీ కూడా అక్కర్లేదు. తీపి కొంచెం ఎక్కువే, నాకైతే మరిగించిన పాలతో చేసిందే ఇష్టం.

ప్రశ్న: మా ఇంట్లో పిప్పరమెంటు పువ్వు ఉంది. అది వేస్తే సరిపోతుంది కదా?
- కరీంనగర్

జవాబు: దయచేసి వేయకండి. సూదుల్లా మెరిసే ఆ పలుకులు అసలు మెంథాలే. వాము పువ్వు, కర్పూరంతో కలిపితే నీరైపోయేది అదే. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ చుట్టుపక్కల వేసే ఇంకో రకం పుదీనా నూనె నుంచి దాన్ని తీస్తారు. మందుల కోసం, బామ్‌ల కోసం తెచ్చిన పలుకు ఎంత శుద్ధమైనదో మనకి తెలియదు, వంటింటి చెంచాతో దాన్ని కొలవనూ లేం. చిన్న పలుకు ఎక్కువైనా నోరు మండుతుంది. మెంథాల్ నిజంగా ఏదీ చల్లబరచదు, చల్లదనాన్ని పసిగట్టే నాడిని తట్టి లేపుతుంది, అంతే. 2021లో వైద్యంలో నోబెల్ అందుకున్న డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూషియన్ ఇద్దరూ చలిని గుర్తుపట్టే గ్రాహకాన్ని కనిపెట్టడానికి ఈ మెంథాల్‌నే వాడారు. అసలే చల్లటి ఐస్‌క్రీమ్‌లో అది కలిస్తే చలి రెట్టింపు అనిపిస్తుంది, అందుకే కొంచెమే ఎక్కువ. చంటిపిల్లల దగ్గరికైతే ఈ పువ్వు, ఈ నూనె అసలు తేవద్దు, ఊపిరి ఆడటానికి ఇబ్బంది పడతారు.

ప్రశ్న: ఇక్కడ క్రిస్మస్ అయ్యాక క్యాండీలు చవగ్గా వస్తే బోలెడు కొన్నాను. ఐస్‌క్రీమ్‌లో వేస్తే రెండు రోజులకే కరిగి ఎర్రటి జిగురు నీళ్ళయ్యాయి.
- న్యూజెర్సీ

జవాబు: క్యాండీ అంటే ముదిరిన పాకమే కదా, వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే చెక్కీలు చెమ్మగిల్లినట్టే ఇదీ తడిని లాక్కుంటుంది. పొడి అయితే ఇంకా త్వరగా కరుగుతుంది. కాబట్టి ముందు జల్లించి పొడి పక్కన పెట్టండి, శనగపప్పు బద్దంత ముక్కల్నే చివర్లో కలపండి, నాలుగైదు రోజుల్లో తినేయండి. మిగతావి గిన్నెలో వేసుకున్నాక పైన చల్లుకుంటే కరకరలాడతాయి.

అయితే ఆ కరగడాన్నే కావాలనుకుని చేసే పాత పద్ధతి మీ అమెరికాలోనే ఉంది. 200 గ్రాముల క్యాండీలు అర లీటరు పాలల్లో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతారు. తెల్లారేసరికి పాలు లేత గులాబీ రంగులోకి మారి, తీపీ ఘాటూ రెండూ పట్టుకుంటాయి. ఇంక పంచదారా వద్దు, ఎసెన్సూ వద్దు, అర లీటరు చిక్కటి క్రీమ్ కలిపి మెషిన్‌లో తిప్పేయడమే. మీ దగ్గర బోలెడు మిగిలాయి కాబట్టి ముందు ఇదే చేసి చూడండి.

ప్రశ్న: మాకు ఎండాకాలంలో కరెంటు పోతూ ఉంటుంది. కరిగిన ఐస్‌క్రీమ్ మళ్ళీ గడ్డకట్టించవచ్చా?
- ఒంగోలు

జవాబు: మెత్తబడినా ఇంకా చల్లగా, మధ్యలో గడ్డగా ఉంటే మిక్సీలో తిప్పి మళ్ళీ పెట్టుకోవచ్చు. పూర్తిగా నీరై, చల్లదనం పోయి రెండు గంటలు దాటితే పారబోయండి, అవి పాలు, పిల్లలు తినేవి.

కరెంటు మీద నమ్మకం లేకపోతే ఫ్రీజర్ లేకుండానే చేయొచ్చు. ఐసు కొట్లో మూడు కిలోల ఐసు తెచ్చి, ముక్కలు కొట్టి, అర కిలో గళ్ళుప్పు కలిపి బకెట్‌లో వేయండి. ఉప్పు కలిసిన ఐసు సున్నా డిగ్రీల కంటే చాలా కిందికి దిగుతుంది, ఉప్పు మోతాదు సరిగ్గా కుదిరితే మైనస్ 21 దాకా పోగలదు. 1843లో ఫిలడెల్ఫియాలో నాన్సీ జాన్సన్ పేటెంట్ తీసుకున్న చేతి మెషిన్ పనిచేసింది కూడా ఇదే సూత్రం మీద. చల్లారిన పాల మిశ్రమాన్ని సన్నటి స్టీలు క్యాన్‌లో పోసి మూత బిగించి ఆ ఐసులో దించండి. పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ, ఐదేసి నిమిషాలకోసారి అంచులకి అంటుకున్నది గీకి కలుపుతూ ఉంటే ముప్పావు గంటకి చెంచాకి నిలుస్తుంది. మూత తీసే ప్రతిసారీ ముందు పొడిగుడ్డతో చుట్టూ బాగా తుడవండి, ఒక్క చుక్క ఉప్పునీళ్ళు లోపలికి జారితే మళ్ళీ మొదటికి వస్తుంది.