కరోనా కాలంలో కరువైన కలయికలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కరోనా రోజుల్లో నిత్యజీవితంలో దూరమైనవాటిలో దేనికోసం ఎక్కువగా బెంగపడ్డారో రాయమని గత సంచికలో పాఠకులను కోరాము. వరంగల్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో, ఇప్పటికీ ఏదో ఒకటి అడగవలసి ఉన్నవారి ఉత్తరాలను ఎంచుకుని జవాబిస్తున్నాను. చాలామంది పేరు వద్దన్నారు కనుక అందరికీ ఊరు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. ప్రతి ఉదయం పబ్లిక్ గార్డెన్‌లో నడిచి, బయట చాయ్ కొట్టు దగ్గర నలుగురం కూర్చుని పేపరు చదువుకునేవాళ్లం. లాక్‌డౌన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా ఆ అరగంట లేకపోవడమే నన్ను బాధించింది. ఊళ్లో మనుషులు పోతుంటే చాయ్ కోసం బాధపడటం సిగ్గుచేటు కాదా? ఆ నలుగురిలో ఇద్దరు మళ్లీ కనిపించలేదు. వారి ఇళ్లు ఎక్కడో కూడా నాకు తెలియదు. (హనుమకొండ)

జవాబు: సారూ, ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. ప్రాణనష్టాన్నీ మీ ఉదయపు చాయ్‌నీ ఒకే త్రాసులో తూచమని మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరే తూచి, మీకు మీరే శిక్ష వేసుకున్నారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట చివరిది. ఆ ఇద్దరి ఇళ్లు మీకు తెలియవు, ఎందుకంటే తెలుసుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. చుట్టాలకు ఇల్లు ఉంటుంది, ఫోన్ నంబరు ఉంటుంది, పెళ్లికీ పేరంటానికీ పిలుపు ఉంటుంది. తోటలో కలిసేవారికి ఆ తోటే చిరునామా. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చి, ఉగాది పండుగ నాడే, అంటే మార్చి 25న, దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు చుట్టాలతో మాట ఫోన్‌లో ఎలాగో సాగింది గాని, చోటును బట్టి ఏర్పడిన పరిచయాలు మాత్రం ఒక్క పూటలో తెగిపోయాయి. ఆంక్షలు సడలిన తరువాత కూడా అరవై అయిదేళ్లు దాటినవారు ఇల్లు కదలవద్దని కేంద్రప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతూ వచ్చాయి కాబట్టి, పిల్లలూ పడుచువారూ బజారులో తిరుగుతున్న నెలల్లో కూడా మీ వయసువారు గడప దాటలేదు. మరుసటి ఏడు మే 12 నుంచి రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టి, ఉదయం ఆరు నుంచి పది గంటల వరకే సడలింపు ఇచ్చినప్పుడు, ఆ నాలుగు గంటలు పాలకూ కూరగాయలకూ మందులకూ చాలేవి. పని లేకుండా ఊరికే కూర్చోవడానికి మాత్రం ఏ సడలింపులోనూ చోటు లేకపోయింది. అది తప్పని నేను అనడం లేదు. రోగం వ్యాపించే తీరును బట్టి అప్పుడు అది అవసరమే. అయితే అవసరమైన ఆంక్ష వల్ల కలిగిన నష్టం కూడా నష్టమే, దానిని నష్టమని చెప్పుకునే హక్కు మీకు ఉంది.

కాజీపేట జంక్షన్ మీదుగా రోజూ ప్యాసింజర్ బండిలో ఉద్యోగానికి వెళ్లి వచ్చిన ఇంకొక పాఠకుడు కూడా దాదాపు ఇదే రాశారు. ఒకే డబ్బాలో, ఒకే కిటికీ దగ్గర, టిఫిన్ డబ్బాలు మార్చుకుంటూ ఏళ్లతరబడి ప్రయాణించిన మనుషుల ఇంటిపేర్లు కూడా ఆయనకు తెలియవట. ఆర్టీసీ బస్సులు 2020 మే 19న జిల్లాల్లో తిరిగి రోడ్డెక్కినా, ప్యాసింజర్ రైళ్లు మళ్లీ రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ లోపల ఒకరు బైకు కొనుక్కున్నారు, ఒకరు ఉద్యోగం ఉన్న ఊరికే మకాం మార్చారు, ఒకరు రిటైరయ్యారు. బండి తిరిగి వచ్చింది గాని, ఆ డబ్బాలో కూర్చునేవారు రాలేదు. మనం గమనించవలసినది ఇదే. తలుపులు తెరిచినంత మాత్రాన ఇటువంటి కలయికలు వాటంతట అవి తిరిగి రావు, ఎవరో ఒకరు పూనుకుని తిరిగి తేవాలి.

మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. చాయ్ కొట్టాయనను అడగండి. ఏ వాడ నుంచి ఎవరు వస్తారో, ఎవరి కొడుకు ఎక్కడ పని చేస్తాడో ఆయనకు మనకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. వారు లేరన్న వార్త వినవలసి రావచ్చు, అయినా అడగండి. ఉన్నారని తెలిస్తే ఫోన్ నంబరు తీసుకుని ఊరుకోకుండా, వారు నడవగలిగిన సమయమేదో కనుక్కుని మీ నడక సమయాన్ని దానికి మార్చుకోండి.

ప్రశ్న: 2021లో కరోనా వచ్చి తగ్గిన తరువాత వాసన పూర్తిగా తిరిగి రాలేదు. మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడు మెంతిపిండి వాసన, మల్లెపూల వాసన నాకు ఇప్పటికీ సరిగా తెలియవు. పోపు వేస్తే కాలిన వాసన వచ్చినట్లు ఉంటుంది. ఇది చెబితే ఇంట్లో నవ్వుతారు. (పరకాల)

జవాబు: అమ్మా, నవ్వవలసిన విషయం కాదు ఇది. ముక్కు లోపల పై భాగంలో వాసనను పట్టే నాడీకణాలు ఉంటాయి, వాటిని ఆనుకుని వాటికి ఊతమిచ్చే కణాలు ఉంటాయి. కరోనా వైరస్ ప్రధానంగా దెబ్బతీసింది ఆ ఊతకణాలనే అని పరిశోధకులు గుర్తించారు. అవి కోలుకున్న చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి వచ్చింది. కొందరిలో మాత్రం నాడీకణాల దాకా దెబ్బ చేరి, అవి తిరిగి పెరిగే క్రమంలో ఒక వాసన మరొక వాసనగా తోచడం జరుగుతుంది. మీకు పోపు కాలినట్లు తోచడం ఆ కోవలోనిదే కావచ్చు. ఆ కణాలకు జీవితాంతం కొత్తగా పుట్టే గుణం ఉన్నందువల్ల ఆశ వదులుకోనవసరం లేదు.

వైద్యులు సూచించే సాధన ఒకటి ఉంది. జర్మనీ వైద్యుడు థామస్ హుమ్మెల్ బృందం 2009లో దీనిని ప్రచురించింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కటి కొన్ని క్షణాల పాటు, ఆ వస్తువును మనసులో తలుచుకుంటూ పీల్చాలి. కనీసం పన్నెండు వారాలు చేయాలి, మధ్యలో మానకూడదు. ముందు ఒకసారి చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించుకోండి. గ్యాసు లీకైనా, కూర పాడైనా మీకు వెంటనే తెలియకపోవచ్చు కనుక ఆ రెండు విషయాలు ఇంట్లో మరొకరు చూసుకునేలా చెప్పండి.

తొక్కు పెట్టే రోజున కారం, ఉప్పు, మెంతి పాళ్లు వాసనతో చూసే బాధ్యత మీ బిడ్డకో కోడలికో అప్పగించి, మీరు చేతికొలతతో చెప్పండి. మీ నవ్వేవారికి ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: మా నాయన 2021 మే నెలలో ఆసుపత్రిలో కరోనాతో చనిపోయాడు. ముఖం చూపించలేదు. సంచిలో కట్టి నేరుగా శ్మశానానికి తీసుకుపోయారు. పక్షికి పెట్టిన నాడు ఇంట్లో మేము నలుగురమే. చుట్టాలు ఎవరూ రాలేదు, మందలించడానికి (పలకరించి ఓదార్చడానికి) వాడవాళ్లు కూడా గేటు దగ్గరే నిలబడ్డారు. ఎన్ని ఏళ్లయినా ఏదో సగంలో ఆగిపోయినట్లు ఉంటుంది. ఇప్పుడు అందరినీ పిలిస్తే నవ్వుతారా? (వరంగల్)

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం చదివి చాలాసేపు కలం పట్టలేకపోయాను.

మొదట ఒక సంగతి చెబుతాను. దాని వల్ల నీకు బాధ కలిగినా సరే, తెలియడమే మంచిదని నా నమ్మకం. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2020 మార్చిలోనే మృతదేహాల విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. సిబ్బంది తగిన జాగ్రత్తలతో సంచి పైభాగం తెరిచి బంధువులకు కడసారి ముఖం చూపించవచ్చని, దేహాన్ని తాకకుండా మంత్రాలు చదవడం, తీర్థం చల్లడం వంటివి చేయవచ్చని, చితాభస్మం వల్ల ఎటువంటి ప్రమాదమూ లేదని, దానిని సేకరించుకుని కర్మ చేసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. స్నానం చేయించడం, ముద్దు పెట్టుకోవడం, కౌగిలించుకోవడం వంటివి కూడదన్నారు. అంటే నీవు కోరింది అత్యాశ కాదు, నియమానికి విరుద్ధమూ కాదు. పడకలూ సిబ్బందీ చాలక, శ్మశానాల్లో వరుసలు కట్టిన ఆ నెలల్లో అక్కడ పనిచేసినవారిని నేను నిందించలేను. కాని, అడగనందుకు నిన్ను నీవు నిందించుకుంటూ ఉంటే, అది మానుకో.

మన దగ్గర చావు ఇంటికి మనుషులు రావడం వట్టి మర్యాద కాదు. వచ్చినవారు ఒక్కొక్కరు పోయినవారి గురించి ఒక్కొక్క ముచ్చట చెబుతారు. బిడ్డలకు తెలియని నాయన, వ్యవసాయం చేసిన నాయన, సోపతిగాళ్లతో జాతరకు పోయిన నాయన, ఆ మాటల్లో బయటికి వస్తాడు. మూడు రోజులు, అయిదు రోజులు, పదకొండు రోజులు అలా విని విని ఇంటివారు ఆ మనిషి లేడన్న సంగతిని ఒప్పుకుంటారు. అంత్యక్రియలకు ఇరవై మందికి మించకూడదన్న పరిమితి కన్నా, పది రోజుల పాటు ఆ ఇంట్లోకి ఎవరూ అడుగుపెట్టకపోవడమే నీకు ఎక్కువ నష్టం చేసింది. నీవు సగంలో ఆగిపోయినట్లు ఉందన్నది ఆ వినవలసిన ముచ్చట్లేనని నాకు అనిపిస్తున్నది.

పిలువు. సంవత్సరీకం తిథి నాడు పిలవవచ్చు, పెత్తరమాస (పితృ అమావాస్య) నాడు పిలవవచ్చు. ఎందుకు పిలుస్తున్నావో దాచకుండా, ఆనాడు రాలేకపోయినవారు ఇప్పుడు వచ్చి నాయన గురించి నాలుగు మాటలు చెప్పి పొమ్మని అడుగు. గేటు దగ్గర నిలబడిన వాడవాళ్లను మరిచిపోవద్దు. వారిలో కొందరు ఆనాడు లోపలికి రాలేకపోయినందుకు ఇప్పటికీ నీ కంట పడటానికి జంకుతూ ఉండవచ్చు. నవ్వేవారు ఉండరు. ఒకరిద్దరు ఉన్నా, వచ్చి కూర్చునేవారే ఎక్కువ ఉంటారు.

ప్రశ్న: నేను 2020లో పదో తరగతి. మార్చి 19న మొదలైన పరీక్షలు మూడు పేపర్లతో ఆగిపోయాయి, జూన్‌లో రద్దయ్యాయి. కొంచెం సంతోషపడ్డాను కూడా. కాని ఆఖరి పరీక్ష రాసి బయటికి వచ్చి అందరం కలిసి అరిచే రోజు మాకు రాలేదు. దానికి ఇప్పుడు ఏమి చేయాలి? (జమ్మికుంట)

జవాబు: నాయనా, సంతోషమూ బెంగా రెండూ నిజమే, ఒకటి ఉన్నంత మాత్రాన మరొకటి అబద్ధం కాదు. పరీక్షలు లేకుండా అందరినీ పాస్ చేయడం వల్ల మీకు అన్యాయం జరిగిందని పెద్దవాళ్లు అనుకున్నది మార్కుల విషయంలో. ఒకే బడిలో ఏళ్లతరబడి పెరిగినవారు ఒకరి నుంచి ఒకరు సెలవు తీసుకోకుండా విడిపోయారన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మీ తరగతి వారిని కూడగట్టి, అప్పటి తరగతి ఉపాధ్యాయులను పిలిచి, సెలవు రోజున అదే బడి ఆవరణలో కలవండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందే తీసుకోండి. చదువు మానేసి పనికి వెళ్లిన మిత్రులకు మీరే స్వయంగా ఇంటికి వెళ్లి చెప్పండి, వాట్సాప్ గ్రూపులో వారు ఉండకపోవచ్చు.

ప్రశ్న: మేము బీడీలు చుట్టేవాళ్లం. వాడలో వేపచెట్టు కింద ఏడెనిమిది మందిమి కూర్చునేవాళ్లం. కరోనాలో కార్ఖానా బందైంది, పని పోయింది. తరువాత పని వచ్చింది గాని ఎవరింట్లో వారే చుడుతున్నాం. పని అవుతుంది, పొద్దు పోదు. (కోరుట్ల)

జవాబు: అక్కా, మీ ఉత్తరం రెండు వాక్యాలు పెద్దగా ఉంటే బాగుండేదనిపించింది. మీకు కరువైనది ఏమిటో అర్థమైంది.

వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టే పనిలో చేతులు ఆగకూడదు, కళ్లు చాట మీదే ఉండాలి. ఖాళీగా ఉండేవి నోరూ చెవులే. అందుకే ఆ వేపచెట్టు కింద సంఘం అప్పుల లెక్కలు, గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల సంగతులు, బిడ్డల సంబంధాలు, ఆకు బాగలేదని కార్ఖానాలో బీడీలు తీసివేసినప్పటి కోపం, అన్నీ నడిచేవి. కరోనా తొలి నెలల్లో మీ ప్రాంతంలోని గల్ఫ్ కుటుంబాలు విమానాలు ఎప్పుడు మొదలవుతాయా అని ఎదురుచూసినప్పుడు, వందే భారత్ విమానాలు 2020 మే 7న మొదలయ్యే వరకూ, భర్త అక్కడ ఎలా ఉన్నాడో చెప్పుకోవడానికి ఆ చెట్టు నీడ ఎంత అవసరమై ఉండేదో! సరిగ్గా అప్పుడే అది లేకుండా పోయింది. ఆ నెలల్లో ఇంట్లో ఒంటరిగా కూర్చుని భయాన్ని మింగడం అలవాటైన తరువాత, మళ్లీ బయటికి వచ్చి కూర్చోవడానికి ఒక రకమైన మొహమాటం వస్తుంది. టీవీ, ఫోన్ వచ్చి మిమ్మల్ని విడదీశాయని కొందరు అంటారు గాని నేను ఒప్పుకోను. విడిపోయిన తరువాత ఆ ఖాళీలోకి అవి వచ్చాయి.

ఏడెనిమిది మందినీ ఒకేసారి కూడగట్టాలని చూడవద్దు. చుట్టే పనికి కాక, ఆకు కత్తిరించే పనికి మొదట ఒక్కరిని పిలవండి. తడిపిన తునికాకును అచ్చు పెట్టి కత్తెరతో కోసేటప్పుడు చేతికి తొందర తక్కువ, మాటకు సందు ఎక్కువ. ఇద్దరు చెట్టు కింద కనిపిస్తే మూడో మనిషి చాట పట్టుకుని వస్తుంది. తంబాకు దుమ్ము వల్ల దగ్గూ ఆయాసమూ ఉన్నవారికి కూడా మూసిన గది కన్నా ఆరుబయలే మేలు.

ప్రశ్న: 2020లో బతుకమ్మ ఇంటి వాకిట్లోనే ఆడాం. ఆ ఏడాదే మా కోడలు వచ్చింది. మరుసటి ఏడు కూడా భయంతో తక్కువ మందిమే. ఇప్పుడు పద్మాక్షి గుట్ట దగ్గరికి పోతే ఆ పిల్ల చప్పట్లు కొడుతుంది గాని పాట అందుకోదు. స్పీకర్లో పెట్టిన పాటలే ఆడుతున్నారు. (హనుమకొండ)

జవాబు: వదినా, బతుకమ్మ పాటను ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. తెలియనివారు మొదటి ఏడు ‘ఉయ్యాలో’ అన్న చోట మాత్రమే గొంతు కలిపి, రెండో ఏడు సగం చరణం పట్టుకుని, మూడో ఏటికి తామే ఎత్తుకునే స్థితికి వస్తారు. వాకిట్లో ఇద్దరు ముగ్గురు ఆడితే తప్పు దాచుకోవడానికి గుంపు ఉండదు, కొత్తవారు నోరు విప్పరు. పైగా 2020లో అధిక ఆశ్వయుజం రావడంతో, బతుకమ్మ మొదలయ్యే పితృ అమావాస్యకూ నవరాత్రులకూ నడుమ నెల రోజుల ఎడం పడి, పండుగ ఎప్పుడన్న సందేహంతోనే ఉత్సాహం సగం చల్లారింది. మీ కోడలు కోల్పోయింది తొలి రెండేళ్ల నేర్పు. అది ఆమె తప్పు కాదు.

గుట్ట దగ్గర, అంత మందిలో ఆమెను పాడమని ఒత్తిడి చేయకండి. ఇంట్లో తంగేడు, గునుగు తెచ్చి సిబ్బిలో పేర్చేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, మీ అత్తగారు మీకు నేర్పిన పాట ఒక్కటే, తొమ్మిది రోజులూ అదే పాట, పాడండి. మీ వాడలో ఆడే తొలి రోజుల్లో స్పీకరు కొంతసేపు ఆపమని పిల్లలను అడగండి, మీరు పెద్దవారు, వింటారు. ఆమె పుట్టింటి ఊళ్లో పాడే పాట ఏదైనా ఉంటే అది ఆమెతో ఎత్తుకోనిచ్చి, మీరు అందుకోండి.