పారలల్ పైపుల దగ్గర ఆగిపోయి ఫ్లూయిడ్స్ వదిలేయాలా?

ప్రశ్న: బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. గేట్ రాయాలనుంది. పారలల్ పైపుల లెక్కలు ఎన్నిసార్లు చేసినా తప్పుతున్నాయి. ఫ్లూయిడ్ మెకానిక్స్ వదిలేసి స్ట్రక్చర్స్ మీదే దృష్టి పెట్టనా?

జవాబు: వదలొద్దు. మీరు పంపిన లెక్క చూశాను. రెండు పైపుల హెడ్ లాస్‌లనూ (హెడ్ అంటే ఎత్తు కొలతలో చెప్పే నీటి శక్తి, లాస్ అంటే పైపులో దాని నష్టం) కూడేశారు. అది సిరీస్‌లో, అంటే పైపులు ఒకదాని తర్వాత ఒకటి ఉన్నప్పుడు చేసే పని. పారలల్‌లో పైపులు ఒకే చోట విడిపోయి ఒకే చోట కలుస్తాయి. విడిపోయే చోట హెడ్ ఒకటే, కలిసే చోటా ఒకటే. అలాంటప్పుడు ఏ దారిన వెళ్లినా నష్టం సమానమే కదా! కూడాల్సింది డిశ్చార్జిలను, అంటే సెకనుకు పారే నీటి పరిమాణాలను.

నష్టం సమానమయ్యేలా నీరే రెండు దారుల్లో సర్దుకుంటుంది. ఘర్షణ నష్టాన్ని లెక్కించే డార్సీ-వైజ్‌బాక్ సూత్రంలో నష్టం డిశ్చార్జి వర్గానికి అనులోమం, వ్యాసం ఐదో ఘాతానికి విలోమం. పొడవు, ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ (ఘర్షణ గుణకం) ఒకటే అయితే 300 మి.మీ. పైపు 200 మి.మీ. పైపు కన్నా దాదాపు 2.76 రెట్ల నీరు మోస్తుంది. వ్యాసం పెరిగింది ఒకటిన్నర రెట్లే! ఈ అంకె ఎలా వచ్చిందో పుస్తకం మూసి మీ చేత్తో రాబట్టండి. అది వస్తే భయం సగం పోతుంది.

ఇంకోటి. ఉన్న పైపుకు అదే సైజు పైపు పారలల్‌గా జోడించి, మొత్తం నీరు మార్చకపోతే ఘర్షణ నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. పంపింగ్ కరెంటు ఖర్చు లెక్కేసే ఇంజినీరుకు ఇది ఎంత విలువైన విషయమో చూడండి. నీటిని ఎత్తుకు ఎక్కించే ఖర్చు మాత్రం తగ్గదు.

హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు మూడు దశల్లో, దశకు 90 ఎంజీడీ (రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు) చొప్పున తెచ్చారు. అయితే ఇలాంటి పైపులైన్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన హైడ్రాలిక్స్‌లో పారలల్ కావు, రెండు చివరలా కలవాలి. ఇంటర్వ్యూలో ఇలాంటి తేడా చెప్పగలిగితే మీకు పట్టు ఉందని తెలిసిపోతుంది.

నిజానికి రెండు పారలల్ పైపులంటే అతి చిన్న లూపు. 1936లో అమెరికన్ ఇంజినీరు హార్డీ క్రాస్ ఇచ్చిన పద్ధతి ఊరి పైపుల నెట్‌వర్క్‌ను ఇలాంటి లూపులుగానే విప్పుతుంది. గ్రామీణ నీటి సరఫరా, ప్రజారోగ్య ఇంజినీరింగ్ శాఖల్లో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఉద్యోగాలకూ, డిజైన్ కన్సల్టెన్సీలకూ పునాది ఇదే.

పైపుల నెట్‌వర్క్ లెక్కలు చేసే ఈపానెట్ సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండు రిజర్వాయర్లు, మధ్య రెండు పైపులు, ఒక పైపు మధ్యలో ఒక జంక్షన్ గీసి, డార్సీ-వైజ్‌బాక్ ఎంచుకుని నడపండి. మీరు చేత్తో చేసిన జవాబును దానితో పోల్చండి. తేడా వస్తే ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ దగ్గర వెతకండి.